ఫర్నేసును కాపాడిన పంతొమ్మిది మంది

ఆ డిపార్టుమెంటులో ప్రొఫెసర్లు పదకొండు మంది. పై చదువులకి వెళ్ళే పిల్లలకి సిఫార్సు ఉత్తరాలు రాసేది మాత్రం ఒక్కరే, ఆ ఒక్కరూ ప్రొఫెసరు కాదు. రెండో అంతస్తు చివర ఫర్నేసులున్న గదిలో కూర్చునే టెక్నీషియన్. పిల్లలు ల్యాబక్క అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి సెలవుల జాబితాలో కూడా గుమాస్తా అదే టైపు చేసి నోటీసు బోర్డుకి అంటించాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

ఈ ఉత్తరాల సంగతి ముందే చెప్పేస్తాను. స్టైపెండు ఇచ్చి మరీ పీహెచ్‌డీ చేయించుకునే చోట సీటు కావాలంటే, "ఈ మనిషి పనిమంతుడు, నేను కళ్ళారా చూశాను" అని ముగ్గురు గురువులు రాసి పంపాలి. పిల్లవాడు వెళ్ళి చేతులు నలుపుకుంటూ అడుగుతాడు. గురువుగారు కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వే రాసుకుని పట్రా, చూసి పంపుతాను," అంటారు. సిగ్గున్నవాడికి తన గురించి తను రాసుకోవడం చేతకాదు. సిగ్గులేనివాడికి నాలుగు వాక్యాలు తిన్నగా రాయడం రాదు. రెండు రకాల వాళ్ళూ చివరికి ఫర్నేసు గదికే వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్ళు.

ల్యాబక్క రాసిపెట్టేది. మంచితనం కొద్దీ అనుకుంటున్నారేమో, అదేం కాదు. ఫర్నేసు నిమిషానికి అయిదు డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పన్నెండు వందలకి చేరాలంటే నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ గది వదిలి వెళ్ళకూడదు, చేసే పనీ ఉండదు. ఇంకొక కారణం కూడా ఉంది, అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. డిపార్టుమెంటు హెడ్డుగారి గొంతుతో రాస్తుంటే ఆవిడకి హాయిగా ఉండేది. "నా ఇరవై ఏళ్ళ అధ్యాపక జీవితంలో" అని మొదలుపెట్టి, ఆ ఇరవై ఏళ్ళలో ఆయన చేయనివన్నీ చేసినట్టు రాసేది. ఆయన చదవడు. పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని, మొదటి లైనూ చివరి లైనూ చూసి సంతకం గీకేస్తాడు. అందుకని మధ్యలో ఏం రాసినా ఆవిడ ఇష్టమే.

అందరూ "మొదటి అయిదు శాతంలో ఒకరు" అయ్యేవాళ్ళు. అరవైమంది ఉన్న తరగతిలో ఒక ఏడాది యాభై రెండు మంది మొదటి అయిదు శాతంలో ఉన్నారు. ఆ లెక్క ఎలా కుదిరిందో సైన్సు చెప్పేవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మిగిలిన ఎనిమిది మందీ ఉత్తరం అడగలేదు, అంతే.

ల్యాబక్కకి ఆ డిపార్టుమెంటులో వాళ్ళంటే ఎంత లెక్కలేదో చెప్పనలవి కాదు. హెడ్డుని చూస్తే నవ్వు. మైక్రోస్కోపు బుక్ చేసుకోవాలన్నా, రిపోర్టు మీద సంతకం కావాలన్నా "రేపు" అనే ఒక సారుండేవాడు. ఆయన్ని ఆవిడ ఎదురుగానే "రేపు సార్" అని పిలిచేది, ఆయనకి తట్టేది కాదు. ఇక పిల్లల సంగతి సరేసరి. థర్మామీటరు తిరగేసి పట్టుకునేవాడు నానో టెక్నాలజీ చేస్తానంటాడు. వాడికి ఉత్తరం రాస్తూ ఆవిడ లోపల్లోపల తిట్టుకునేది. తిట్టుకుంటూనే బాగా రాసేది, చేతిలో పని అలాంటిది మరి.

ఆవిడ చదువూ తక్కువది కాదు. ఎంటెక్‌లో మొదటి ర్యాంకు. పదమూడేళ్ళ కింద టెంపరరీగా చేరింది, ఫర్నేసుల పని నేర్చుకుంది, అక్కడే పాతుకుపోయింది. చేరిన మూడో ఏడు హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి, "సార్, నేనూ మీ దగ్గర పీహెచ్‌డీకి రిజిస్టరు చేయించుకుంటాను," అంది.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు పీహెచ్‌డీ చేస్తే ఫర్నేసులు ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదన్నమాట. ఆ చెట్టు ఆకులు కోసుకుని పదిమంది డాక్టర్లయ్యారు, అది వేరే విషయం. వాళ్ళ థీసిస్‌లలో ప్రతి గ్రాఫుకీ కింద ఉన్న కొలత ఆవిడ తీసిందే. చివరి పేజీలో "సాంకేతిక సిబ్బందికి" అని ఒక ధన్యవాదం పడేసేవాళ్ళు. పేరుండదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, హెడ్డుగారి సిరామిక్ బిళ్ళలు గొట్టం ఫర్నేసులో ఉన్నాయి. ఆరు నెలల పని. తొమ్మిది వందల డిగ్రీల దగ్గర ఆగాలి. మీటరు చూస్తే ఎనిమిది వందల నలభై దగ్గరే తచ్చాడుతోంది. ఎవరైనా ఏమనుకుంటారు? ఇంకా వేడెక్కాలి అనుకుంటారు. ల్యాబక్క అన్నం డబ్బా మూత పెట్టేసి, లేచి వెళ్ళి, లోపలికి చూసే రంధ్రానికి కన్ను ఆనించింది. లోపల ఎరుపు లేదు. నారింజ రంగు కూడా దాటి పసుపులోకి పోతోంది. తొమ్మిది వందలకి ఆ రంగు రానే రాదు. సంగతేమిటంటే, వేడిని కొలిచే తీగ రెండంగుళాలు బయటికి జారిపోయింది. అది చల్లటి చోట కూర్చుని ఇంకా చాలలేదు, ఇంకా చాలలేదు అంటుంటే మీటరు దాని మాట నమ్మి కరెంటు తోస్తూనే ఉంది.

ఆవిడ కంగారుపడి మెయిన్ ఆపెయ్యలేదు. ఒక్కసారి ఆపితే గొట్టం పగిలిపోతుంది, గొట్టంతోబాటు లోపలివన్నీ పోతాయి. ఆటోమేటిక్ తీసేసి చేతి మీదికి మార్చుకుంది. రంధ్రంలోంచి రంగు చూసుకుంటూ, కరెంటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడే ఉంది. గొట్టం దక్కింది. బిళ్ళలు కొన్ని పాడైనా మిగతావి ఆ ఎక్కువ వేడికి మామూలు కంటే గట్టిపడ్డాయి. హెడ్డుగారు వాటి మీద పేపరు రాసేశారు, కావాలనే అంత వేడి చేసినట్టు. ఆవిడతో మాత్రం, "ఫర్వాలేదే, కనిపెట్టావు," అన్నారు. అంతే. ఆ మాట తర్వాత ఆ సంగతి ఎత్తినవాడు లేడు.

ఆ సంఘటనని ఉత్తరంలో మొదట వాడుకున్నది ఒక మంచి పిల్లే. తెలివైనదే, కానీ నోట్లో నాలుక లేదు, ఉత్తరంలో రాయడానికి ఒక్క సంఘటన కూడా చెప్పలేకపోయింది. ల్యాబక్కకి జాలేసి, "పోనీలే, నాది ఒకటి పడుంది, పెట్టుకో," అంది. ఆ పిల్లకి సీటొచ్చింది. తర్వాత ఇంకొకడికి పెట్టింది. ఆ తర్వాత జాలి పోయి అలవాటు మిగిలింది. "ఒకనాడు ఫర్నేసు మీటరు తప్పు చూపిస్తుండగా, ఈ విద్యార్థి లోపలి రంగు చూసి ప్రమాదం పసిగట్టి, క్షణం ఆలస్యం చేయక మెయిన్ స్విచ్ ఆపివేసి..." అని కాపీ చేసి అతికించేయడమే. మెయిన్ ఆపడం అబద్ధం. కానీ చేతి మీదికి మార్చడం, రంగు చూసి దించడం అంటే హెడ్డుగారు రాసినట్టుండదు కదా. ఆయనకి ఆ తేడా తెలిస్తే గదా. అలా తొమ్మిదేళ్ళలో పంతొమ్మిది మంది ఆ ఫర్నేసుని కాపాడారు.

వాళ్ళలో నిద్రమొహం ఒకడు. అసలు పేరు ఆవిడ ఎప్పుడూ వాడలేదు. ఫర్నేసు గదిలో వెచ్చగా ఉంటుందని వచ్చి, సిమెంటు బస్తాల మీద తల ఆనించి పడుకునేవాడు. వాడికి ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా పక్కనే గురక పెట్టాడు. "ఏం రాయమంటావురా?" అని లేపితే, "ఏదో ఒకటి రాసెయ్యక్కా, నీకు తెలీనిదా," అని అటు తిరిగి పడుకున్నాడు. వాడికీ అదే కథ అతికించింది. వాడికీ సీటొచ్చింది, అదీ పెద్ద పరిశోధన సంస్థలో, అయిదేళ్ళూ స్టైపెండుతో. ఆ కబురు విన్న రోజు ల్యాబక్క అన్నం తినలేదు.

ఆ రోజు నుంచే తనకోసం వెతకడం మొదలుపెట్టింది. ఫర్నేసు వేడెక్కే నాలుగు గంటలూ ఇప్పుడు ప్రకటనలు చదివేది. చదువుతుంటే ఆవిడ పెదవి వంకర తిరిగేది, ఎందుకు తిరగదు? కొన్ని ప్రకటనలు ముందే ఎవడికో కొలతలు తీసి కుట్టినవి. ఫలానా పరికరం మీద మూడేళ్ళు, ఫలానా సాఫ్ట్‌వేర్ మీద రెండేళ్ళు, ఫలానా అంశం మీద ఒక పేపరు అని రాసి, కాలి జోళ్ళ సైజు ఒక్కటి వదిలేశారు. కొన్నింట్లో పైన లావు అక్షరాలతో "పూర్తి స్టైపెండు" అని, కింద చీమతలకాయంత అక్షరాలతో "నిధులు వస్తే" అని ఉండేది. కొన్నింటికి గడువు నిన్ననే అయిపోయేది. రోజూ చూస్తున్నా సరే, నిన్ననే ఎలా అయిపోతుందో. ఒక కుర్ర ప్రొఫెసరు ఎంతో మర్యాదగా జవాబు రాశాడు, "మీ అనుభవం అమోఘం, మీ ఫండింగు మీరు తెచ్చుకుంటే సంతోషంగా చేర్చుకుంటాను," అని. భోజనానికి రండి, అన్నం మీ ఇంటి నుంచి తెచ్చుకోండి అన్నట్టుంది. సొంత ఖర్చుతో చదివే స్తోమత ఉంటే ఆ గదిలో పదమూడేళ్ళు ఎందుకు ఉడుకుతుంది? ఇంట్లో ఆవిడ జీతమూ, సిటీ బస్సు నడిపే మొగుడి జీతమూ కలిస్తేనే నెల గడుస్తుంది.

మూడేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఒక ప్రకటన కనబడింది. ఉక్కు కరిగించే ఫర్నేసుల లోపలి ఇటుకలు ఎందుకు పగులుతాయో కనిపెట్టాలి. నాలుగేళ్ళు, పూర్తి స్టైపెండు, నిధులు ముందే మంజూరు. ఫర్నేసు పని తెలిసినవాళ్ళకి ప్రాధాన్యం. పిలుస్తున్నది ఒక ప్రొఫెసరమ్మ, నిద్రమొహం ఉన్న సంస్థలోనే, నిద్రమొహం పనిచేస్తున్న ల్యాబ్‌లోనే. ల్యాబక్క ఆ ప్రకటన మూడుసార్లు చదివింది, ఎక్కడా చిన్న అక్షరాలు లేవు. ఒక్కటే షరతు, చేరేనాటికి ముప్పై ఎనిమిదేళ్ళు నిండకూడదు. ఆవిడకి నిండడానికి మూడు నెలలుంది. అంటే ఇదొక్కటే. ఇది పోతే ఇక స్టైపెండుతో ఏదీ లేదు, మిగతా సంస్థలన్నిటి హద్దూ ఆవిడ అప్పటికే దాటేసింది.

ఉత్తరం అడగడానికి హెడ్డుగారి దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఆయనే రాస్తే బాగుండునని ఆవిడకి నిజంగా ఉంది. ఆ మధ్యాహ్నం సంగతి ఆయనకి తెలుసు, ఆయన మాటల్లో నాలుగు ముక్కలు పడితే చాలు.

"నువ్వే రాసుకో అమ్మా, నీకు నేను చెప్పాలా," అన్నాడు హెడ్డు. ఫైలు లోంచి తల కూడా ఎత్తలేదు. వెళ్ళిపోతుంటే మాత్రం పిలిచాడు. "సీటొస్తే నెల ముందు చెప్పు, ఇంకొకరిని చూసుకోవాలి."

ఆ సాయంత్రం ఇంట్లో వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాయడానికి కూర్చుంది. మొగుడు డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, ఆవిడ భుజం మీదుగా చూశాడు. పెద్దగా చదువుకున్నవాడు కాదు, కానీ ఇరవై ఏళ్ళుగా అద్దంలో వెనక కూర్చున్నవాళ్ళని చూస్తూ బండి నడిపినవాడు. తొందరగా మోసపోడు.

"ఫర్నేసు సంగతి రాస్తున్నావా?" అన్నాడు.

"మరి అంతకంటే నాకేముంది రాయడానికి?"

"అది అందరికీ పంచిపెట్టావు కదే. నీకేమన్నా మిగిలిందా?"

ల్యాబక్కకి ఒళ్ళు మండింది. "నాది నేను రాసుకోవడానికి కూడా అనుమతి కావాలా? అయినా ఎవరు చదువుతారండీ వాటిని? సంతకం పెట్టేవాడే చదవడు, అందుకునేవాళ్ళు చదువుతారా? సంఖ్య చూసుకుంటారు, మూడు వచ్చాయా లేదా అని."

"ఆ మేడమ్ చదువుతుందేమో."

"ప్రొఫెసర్లని పదమూడేళ్ళుగా చూస్తున్నాను. మీకు తెలీదు, ఊరుకోండి."

ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆవిడ కాసేపు ఇంకో కథ ఏదైనా దొరుకుతుందా అని ఆలోచించింది కూడా. దొరకలేదు. నిజం అనేది ఒక్కటే ఉంటే ఏం చేస్తుంది? పాత ఫైలు తెరిచి, "ఈ విద్యార్థి" అన్నచోట "మా టెక్నీషియన్" అని మార్చింది. మెయిన్ స్విచ్ మాట మార్చడానికి ఒక నిమిషం వేలు పెట్టి ఆగింది. హెడ్డుగారు రాసినట్టే ఉండాలి కదా అని వదిలేసింది. చూశారా, పంతొమ్మిది మందికి అబద్ధం రాసిన చెయ్యి, తన దగ్గరికొచ్చేసరికి ఉన్న నిజాన్ని కూడా తిన్నగా రాయలేదు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మొగుడు ఆ రోజు డ్యూటీ మార్చుకుని బస్టాండు దాకా వచ్చాడు. నాలుగు గంటల ప్రయాణం. ఆవిడ దారంతా కిటికీ పక్కన కూర్చుని, ఇటుకలు పగలడం గురించి తను చెప్పబోయే మాటలు అనుకుంటూనే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడకి ఎవరి మీదా కోపం లేదు.

ప్రొఫెసరమ్మ గది చిన్నది. బల్ల మీద పగిలిన ఇటుక ముక్కలు కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెట్టి ఉన్నాయి. ఆవిడకి అరవై దగ్గరుంటాయి. పొట్టి జుట్టు, మోచేతి మీద పాత కాలిన మచ్చ. ఆ మచ్చ చూడగానే ల్యాబక్కకి గుండెలో ఏదో సర్దుకున్నట్టయింది. ఫర్నేసు తలుపుకి ఆనుకున్నవాళ్ళకే అక్కడ అలా కాలుతుంది.

అరగంట ఇటుకల గురించి మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారనే అనాలి, పరీక్షలా లేదు. ప్రొఫెసరమ్మ ఒక ముక్క చేతికిస్తే ల్యాబక్క దాన్ని తిప్పి చూసి, "ఇది వేడికి పగిలింది కాదు మేడమ్, చల్లారేటప్పుడు పగిలింది," అంది. ప్రొఫెసరమ్మ తల ఊపి ఏదో రాసుకుంది. అంతా అయిపోయిందనుకునేసరికి ఆవిడ ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"మీ హెడ్డు రాసిన ఉత్తరం. ఫర్నేసు మీటరు తప్పు చూపించడం, మీరు రంగు చూసి పసిగట్టడం. ఈ కథ నేను చదవడం ఇది అయిదోసారి."

ల్యాబక్క ఆ కాగితం వైపు చూసింది. ఒకావిడ చదువుతోంది. పదమూడేళ్ళలో మొట్టమొదటిసారి ఒకావిడ చదువుతోంది.

"మీ కాలేజీ నుంచి ఏటా ఒకరో ఇద్దరో అప్లై చేస్తారు. ఇంతకుముందు నలుగురు ఇదే ఫర్నేసుని కాపాడారు. అందరూ మెయిన్ ఆపేశారు. మెయిన్ ఆపితే గొట్టం పగలదా?"

"పగులుతుంది. నేను ఆపలేదు."

"ఉత్తరంలో ఆపినట్టే ఉంది."

"ఆపలేదు మేడమ్. చేతి మీదికి మార్చాను. పసుపు పోయి నారింజ రంగు రావడానికి గంట పట్టింది. నారింజ నుంచి ఎరుపుకి రెండు గంటలు. మధ్యలో ఒకసారి తొందరపడి ఎక్కువ తగ్గించాను, గొట్టం టిక్కుమంది, వెంటనే మళ్ళీ పెంచాను. ఎరుపు నల్లబడ్డాక ఇక పర్వాలేదని వదిలేశాను. ఆరయింది."

ప్రొఫెసరమ్మ ఆవిడ మొహం కేసి చాలాసేపు చూసింది. "ఇది చేసిన మనిషి మీరే," అంది. "అందులో నాకు అనుమానం లేదు. మరి ఆ నలుగురి ఉత్తరాల్లోకి ఇది ఎలా వచ్చింది?"

ఇక్కడ ల్యాబక్కకి దారి ఉంది. "నాకేం తెలుసు మేడమ్, మా హెడ్డుగారిని అడగండి," అంటే సరిపోయేది. ప్రొఫెసరమ్మ కూడా ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ హెడ్డు, పెన్ను మూత కొరుక్కునే ఆ మనిషి, అన్ని ఉత్తరాలు కూర్చుని రాశాడని ఈవిడ నమ్మడమా? తన పేపర్లు పోయాయి, తన కొలతలు పోయాయి. చివరికి తన అబద్ధాలకి కూడా పేరు వాడికే పోవడమా? అది మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు.

"నేనే రాశాను," అంది. "మా డిపార్టుమెంటు ఉత్తరాలన్నీ నేనే రాస్తాను. వాళ్ళకి రాయడం రాదు."

"మొత్తం ఎంతమందికి పెట్టారు దీన్ని?"

"పంతొమ్మిది మందికి."

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "అందులో ఒకతను మూడేళ్ళుగా నా దగ్గరున్నాడు. ఆ ఏడాది అతనికంటే మంచి మార్కులున్న అమ్మాయి ఒకతె వచ్చింది. ఈ కథ నేను చదవడం అప్పుడే మొదటిసారి, ఈ ఒక్క పేరా చూసి ఆ అమ్మాయిని వద్దని ఇతన్ని తీసుకున్నాను. పోయినేడు మా ఫర్నేసు మీటరు తప్పు చూపించింది. ఇతను పరిగెత్తుకెళ్ళి మెయిన్ ఆపేశాడు. గొట్టం రెండు ముక్కలైంది, ఎనిమిది నెలల పని పోయింది. ఎందుకు ఆపావని అడిగితే, మా పాత ల్యాబ్‌లో అలాగే చేశాను మేడమ్ అన్నాడు."

ప్రొఫెసరమ్మ ఉత్తరం మీద వేలు ఆనించింది.

"మీకు ఫర్నేసు తెలుసు. ఇవాళ వచ్చిన ఆరుగురిలో మీ అంత తెలిసినవాళ్ళు లేరు. కానీ నా దగ్గర పనంటే కొలత తీసి రాయడం. తప్పని తెలిసీ పంతొమ్మిది సార్లు రాసిన మనిషి రేపు నాకేం రాసిస్తుందో నేనెలా నమ్మను?" ఆవిడ ఉత్తరాన్ని మడిచి ఫైల్లో పెట్టేసింది. "వెళ్ళిరండి."

ల్యాబక్క బయటికొచ్చింది. వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఎవరినైనా తిట్టుకుందామని చూసింది. అలవాటు అది. హెడ్డుని తిట్టుకోబోతే మొదట్లోనే ఆగిపోయింది, ఆయన ఎన్నడూ ఆ కథ రాయలేదు. ప్రొఫెసరమ్మని తిట్టుకుందామంటే ఆవిడ అన్నదాంట్లో తప్పు దొరకలేదు. మార్కులున్న ఆ అమ్మాయి ఎవరో, ఇప్పుడెక్కడుందో, ఆ ఆలోచన వచ్చాక మాత్రం ల్యాబక్క కళ్ళు తుడుచుకుంది.

"అక్కా," అన్నారెవరో.

నిద్రమొహం. ఒళ్ళు చేశాడు, గడ్డం పెంచాడు, మెడలో సంస్థ కార్డు వేలాడుతోంది. ఆవిడని చూసి నిజంగా సంతోషపడ్డాడు, దాచుకోవడం వాడికి చేతకాదు. క్యాంటీన్‌కి రమ్మన్నాడు, వద్దంటే నీళ్ళ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇంటర్వ్యూ ఎలా అయిందక్కా? మేడమ్ ఫర్నేసు సంగతి అడిగిందా? నన్నూ అదే అడిగింది మొదటి రోజు. అదృష్టం బాగుండి ఆ రోజు నేనక్కడ ఉన్నాను కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. నీకు గుర్తుందో లేదో, నువ్వప్పుడు అన్నం తింటున్నావు."

ల్యాబక్క వాడి మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూసింది. లేదు. చిన్నపిల్లాడు తన పుట్టినరోజు గురించి చెప్పినంత మామూలుగా చెబుతున్నాడు.

"ఆ రోజు నువ్వు అక్కడ లేవు," అంది నెమ్మదిగా. "అది జరిగి తొమ్మిదేళ్ళయింది. అప్పటికి నువ్వింకా స్కూల్లో ఉన్నావు."

నిద్రమొహం నవ్వబోయి, ఆవిడ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు. లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి, లెక్క ఎక్కడో తెగిపోయింది. చివరికి చిన్నబుచ్చుకున్న గొంతుతో అన్నాడు.

"అదేంటక్కా అలా అంటావు? ఉన్నానని నువ్వే కదా రాశావు."

ఆవిడ నీళ్ళ సీసా వాడి చేతికిచ్చేసి బస్టాండుకి నడిచింది. ఆ సీటు ఆరుగురిలో ఇంకెవరికో వెళ్ళింది. మరుసటి నెల పదకొండో తారీఖుకి ల్యాబక్కకి ముప్పై ఎనిమిదేళ్ళు నిండాయి, ఆ రోజు కూడా ఫర్నేసు పన్నెండు వందలకి వెళ్ళాల్సి ఉండడంతో తొమ్మిదింటికే వెళ్ళి స్విచ్ వేసింది.